అమెరికా జెండా కింద పుట్టినా అమెరికా పౌరులు కానివాళ్ళు

2025 జనవరి 20న, అమెరికాలో పుట్టినంత మాత్రాన అందరికీ పౌరసత్వం రాదు అనే ఆర్డరు మీద ట్రంప్ సంతకం పెట్టాక కొన్ని వారాల పాటు హనుమకొండలో ఏ పెళ్లికి పోయినా, ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఒకటే ముచ్చట. బిడ్డ అక్కడ హెచ్-1బి మీద ఉంది, ఏడో నెల నడుస్తోంది, "ఇప్పుడు పుట్టే పిల్లకి సిటిజన్‌షిప్ వస్తదా, రాదా?" అమ్మమ్మలకి కూడా అదే టెన్షన్. ఆర్డరు అమల్లోకి వచ్చేలోపే బిడ్డ పుట్టాలని, నెలలు నిండకముందే ఆపరేషన్ చేయించుకోవాలని కొందరు డాక్టర్ల దగ్గరికి పోతున్నారని పేపర్లలో కూడా వచ్చింది. ఆ టెన్షన్ న్యాయమైనదే. కాకపోతే మనందరం "అమెరికా గడ్డ మీద పుడితే అమెరికా పౌరులే" అని ఒక్క ముక్కలో అనుకుంటూ వచ్చాం చూడండి, ఆ మాట ట్రంప్ రాకముందు కూడా పూర్తి నిజం కాదు. 125 ఏళ్లుగా అమెరికా జెండా కింద ఉండి, అమెరికా సైన్యంలో పనిచేసి, అమెరికా పాస్‌పోర్టే చేతిలో పట్టుకుని తిరుగుతూ కూడా పుట్టుకతో అమెరికా పౌరులు కాని జనం ఇవాళ్టికీ ఉన్నారు. వాళ్ళ సంగతి అర్థమైతే మన పిల్లల సంగతి కూడా చాలావరకు అర్థమవుతుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

వాళ్ళది అమెరికన్ సమోవా. హవాయి నుంచి ఇంకా దక్షిణంగా నాలుగు వేల కిలోమీటర్లు పోతే పసిఫిక్ మధ్యలో వచ్చే చిన్న దీవులు, రాజధాని పాగో పాగో, 2020 జనాభా లెక్కల ప్రకారం 49,710 మంది. అక్కడ పుట్టిన మనిషి అమెరికా పాస్‌పోర్ట్ చూస్తే పై అట్ట అందరిదిలాగే ఉంటుంది, అదే గద్ద బొమ్మ. లోపల మాత్రం ఒక పేజీలో ఒక వాక్యం అదనంగా అచ్చయి ఉంటుంది: ఈ పాస్‌పోర్ట్ కలిగిన వ్యక్తి అమెరికా జాతీయుడు, అమెరికా పౌరుడు కాదు. వాళ్ళని 'నేషనల్' అంటారు. వీసా లేకుండా కాలిఫోర్నియాకో టెక్సాస్‌కో వెళ్లి ఎన్నాళ్ళైనా ఉండొచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు, పన్ను కట్టొచ్చు. అక్కడ ఇరవై ఏళ్లున్నా ఓటు వేయలేరు, కోర్టులో జ్యూరీలో కూర్చోలేరు, పౌరులకు మాత్రమే అని రాష్ట్రాలు పెట్టుకున్న ఉద్యోగాలకు పనికిరారు, వేరే దేశం వాళ్ళైన అమ్మానాన్నల్ని స్పాన్సర్ చేయలేరు. పౌరసత్వం కావాలంటే సొంత దీవి వదిలి ఏదైనా రాష్ట్రానికి వచ్చి కనీసం మూడు నెలలు ఉండి, 700 డాలర్లకు పైగా ఫీజు కట్టి, ఇంగ్లీషు పరీక్ష, చరిత్ర పరీక్ష రాసి, ఇంటర్వ్యూకి పోవాలి. మనవాళ్ళు గ్రీన్ కార్డ్ వచ్చాక చేసే పనే దాదాపు ఇది. తేడా ఏమిటంటే మనం బయటి నుంచి వచ్చినవాళ్ళం, వాళ్ళు పుట్టిన రోజు నుంచి ఆ దేశానికే విధేయత చెల్లించాల్సినవాళ్ళు.

ఇదేదో కాగితం మీద తేడా అనుకోకండి. అలాస్కాలో విటియర్ అనే చిన్న ఊళ్లో అమెరికన్ సమోవా నుంచి వచ్చి స్థిరపడిన ఒకామె స్కూలు బోర్డుకి పోటీ చేసి గెలిచింది. తర్వాత 2023లో ఆమెనే అరెస్టు చేశారు, పౌరురాలు కాకుండా ఓటు వేసిందని, పౌరురాలినని రాసి ఇచ్చిందని. ఫారంలో సిటిజన్ అనే గడి ఉంది గానీ నేషనల్ అనే గడి లేదని, ఏది టిక్ పెట్టాలో అడిగితే సిటిజనే పెట్టమన్నారని ఆమె వాదన. 2025లో అదే ఊళ్లో మరికొందరు సమోవా వాళ్ళ మీద కూడా కేసులు పెట్టారు. పుట్టింది అమెరికా నేల మీద, ఉన్నది అమెరికా నేల మీద, వచ్చిన కేసు పరాయి మనిషి మీద పెట్టే కేసు.

ఇదంతా ఎక్కడ మొదలైందో చూడాలంటే ఒక్క వాక్యం దగ్గరికి పోవాలి. అమెరికా రాజ్యాంగానికి 1868లో చేర్చిన పద్నాలుగో సవరణలో మొదటి వాక్యం అది. అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో పుట్టి, దాని అధికార పరిధికి లోబడి ఉన్నవాళ్ళందరూ ఆ దేశ పౌరులు, తాము ఉంటున్న రాష్ట్రానికి కూడా పౌరులు అంటుంది. ఎందుకు చేర్చారంటే, నల్లజాతి వాళ్ళు బానిసలైనా, విడుదలైనవాళ్ళైనా ఎప్పటికీ పౌరులు కాలేరని 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో అక్కడి సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. అంతర్యుద్ధం తర్వాత ఆ తీర్పు మళ్లీ లేవకుండా గోతిలో పాతిపెట్టడానికి రాసిన వాక్యమది. ఏ సర్కారు వచ్చినా, ఏ మెజారిటీ వచ్చినా పుట్టిన బిడ్డ పౌరసత్వం జోలికి పోలేకుండా దాన్ని మామూలు చట్టంలో కాకుండా రాజ్యాంగంలోనే పెట్టారు.

ఇప్పుడు ఆ వాక్యాన్ని జాగ్రత్తగా చూడండి, అందులో రెండు షరతులున్నాయి. ఒకటి, అమెరికాలో పుట్టాలి. రెండు, దాని అధికార పరిధికి లోబడి ఉండాలి. మన హెచ్-1బి కుటుంబాల గొడవంతా రెండో షరతు చుట్టూ తిరుగుతుంది, సమోవా వాళ్ళ గొడవంతా మొదటి షరతు చుట్టూ తిరుగుతుంది. వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో ఈ రెంటినీ కలిపేసి మాట్లాడుతుంటారు, అక్కడే మనకి తికమక మొదలవుతుంది.

రెండో షరతు సంగతి ముందు చూద్దాం, అది త్వరగా తేలుతుంది. వాంగ్ కిమ్ ఆర్క్ అనే ఆయన 1873లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా తల్లిదండ్రులకు పుట్టాడు. చైనా వెళ్లి 1895లో తిరిగొస్తే నువ్వు పౌరుడివి కావు, దిగడానికి వీల్లేదని ఓడలోనే ఆపేశారు. అప్పటికి చైనా వాళ్ళు అమెరికా పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవడానికే చట్టం ఒప్పుకోదు. అయినా 1898 మార్చి 28న సుప్రీం కోర్టు ఆరుగురు జడ్జీలు ఒకవైపు, ఇద్దరు ఇంకోవైపుగా, ఇతను పుట్టుకతోనే పౌరుడు అని తేల్చింది. విదేశీ రాయబారుల పిల్లలు, ఆక్రమించుకున్న శత్రు సైన్యం వాళ్ళ పిల్లలు, అప్పట్లో ఆదివాసీ తెగల పిల్లలు, ఇలా కొద్దిమందే ఆ పరిధికి బయట అంది. ఆదివాసీలకు ఆ తర్వాత 1924లో చట్టం చేసి ఇచ్చారు. ట్రంప్ ఆర్డరు ఏమంటుందంటే తల్లి అక్రమంగా ఉన్నా, హెచ్-1బి, స్టూడెంట్ వీసా, విజిట్ వీసా లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నా, తండ్రికి పౌరసత్వమో గ్రీన్ కార్డో లేకపోతే, ఆ బిడ్డ పరిధికి లోబడినట్టు కాదు అని. 1898 తీర్పుకి ఇది ఎలా పొసగుతుందో నాకైతే అర్థం కాలేదు. కింది కోర్టులు అమలు కాకముందే దాన్ని ఆపేశాయి, 2025 డిసెంబరులో సుప్రీం కోర్టు ఆ కేసును విచారణకు తీసుకుంది. వాదన ఏదైనా అది తల్లిదండ్రుల హోదా గురించి. డల్లాస్ ఆసుపత్రి అమెరికాలో ఉందా లేదా అని అక్కడ ఎవరూ అడగరు.

పాగో పాగో ఆసుపత్రి విషయంలో మాత్రం అదే ప్రశ్న.

1898 మార్చిలో వాంగ్ కిమ్ ఆర్క్ తీర్పు వచ్చింది కదా, నెల తిరక్కముందే, అంటే ఏప్రిల్‌లో, అమెరికా స్పెయిన్ మీద యుద్ధం మొదలుపెట్టింది. డిసెంబరులో పారిస్ సంధి. ప్యూర్టోరికో, గ్వామ్, ఫిలిప్పీన్స్ అమెరికా చేతికి వచ్చాయి, ఫిలిప్పీన్స్‌కి బదులుగా స్పెయిన్‌కి 2 కోట్ల డాలర్లు ఇచ్చారు. అంతకుముందు అమెరికా ఏ భూమి కలుపుకున్నా, 1803లో లూసియానా కానీ, 1867లో అలాస్కా కానీ, అక్కడున్నవాళ్ళని పౌరులుగా చేర్చుకుంటామని ఒప్పందంలో రాసేవాళ్ళు (అలాస్కాలో ఆదివాసీల్ని వదిలేసి). ఈసారి మాత్రం ఆ మాట రాయలేదు. స్థానికుల హక్కులు, హోదా ఏమిటన్నది అమెరికా కాంగ్రెస్ తేలుస్తుంది అని తొమ్మిదో అధికరణంలో రాసుకున్నారు. ఇక్కడ కాంగ్రెస్ అంటే వాళ్ళ పార్లమెంటు, పార్టీ కాదు. భూమి కావాలి, భూమి మీద ఉన్న మనుషుల సంగతి తర్వాత చూద్దాం. సంధిలో ఉన్నది ఇంతే.

మరి రాజ్యాంగం ఆ దీవుల్లో వర్తిస్తుందా అన్న ప్రశ్న కోర్టుకి ఎలా వచ్చిందంటే, నారింజ పళ్ళ వల్ల. ప్యూర్టోరికో నుంచి న్యూయార్క్ రేవుకి నారింజలు తెప్పించుకున్న డౌన్స్ అనే వ్యాపారి దగ్గర కస్టమ్స్ వాళ్ళు 659 డాలర్ల 35 సెంట్ల సుంకం వసూలు చేశారు. ఆయన అన్నదేమిటంటే, ప్యూర్టోరికో ఇప్పుడు అమెరికాదే కదా, దేశం లోపల ఒక చోటి నుంచి ఇంకో చోటికి సరుకు తెస్తే సుంకమేంటి, సుంకాలు దేశమంతటా ఒకేలా ఉండాలని రాజ్యాంగమే చెప్తోంది కదా అని. మామూలు వ్యాపారి మామూలు లెక్క. కానీ దీనికి అవుననో కాదనో చెప్పడమంటే ఆ దీవులు అమెరికానా కాదా అని చెప్పడమే. 1901 మే 27న ఐదుగురు ఒకవైపు, నలుగురు ఇంకోవైపు, వ్యాపారి ఓడిపోయాడు. ప్యూర్టోరికో అమెరికాకి చెందినదే గానీ అమెరికాలో భాగం కాదు అన్నారు. జస్టిస్ వైట్ రాసిన మాట ఇప్పటికీ లా కాలేజీల్లో చెప్పుకుంటారు: అది దేశం లోపలి అర్థంలో పరాయిది అన్నాడు. చదివిన ప్రతిసారీ నాకు కోపం వచ్చే మాట ఇది. లోపలిదైతే పరాయిది ఎలా అవుతుంది?

ఎలా అవుతుందో జస్టిస్ బ్రౌన్ దాచుకోకుండానే రాశాడు. మతంలో, ఆచారాల్లో, ఆలోచనా విధానంలో మనకంటే వేరైన జాతులు అక్కడున్నాయి, వాళ్ళకి మన న్యాయం, మన పన్నుల పద్ధతి కొంతకాలం కుదరకపోవచ్చు అన్నాడు. ఇదే బ్రౌన్ అంతకు ఐదేళ్ల ముందు, 1896లో, రైలు పెట్టెల్లో నల్లవాళ్ళని, తెల్లవాళ్ళని వేరువేరుగా కూర్చోబెట్టడం తప్పేం కాదని చెప్పిన ప్లెసీ తీర్పు రాసిన మనిషి. ఆ రోజు ఒంటరిగా ఎదురు రాసిన జస్టిస్ హార్లన్ ఈ కేసులో కూడా ఎదురే రాశాడు. ప్లెసీ తీర్పుని అమెరికా 1954లో వదిలించుకుంది. ఇన్సులర్ కేసులు అని పిలిచే ఈ దీవుల తీర్పుల్ని మాత్రం ఇంకా వదిలించుకోలేదు. వాటిలోంచే రెండు రకాల ప్రాంతాలు పుట్టాయి: ఒకనాటికి రాష్ట్రం కాబోయే విలీన ప్రాంతం, ఎప్పటికి ఏమవుతుందో తెలియని, విలీనం కాని ప్రాంతం. విలీనం కానిచోట రాజ్యాంగంలో మౌలికమైనవి అని కోర్టు అనుకున్న హక్కులే వర్తిస్తాయి. సమోవా పెద్దలు 1900లో, 1904లో తమ దీవుల్ని అప్పగిస్తూ ఒప్పందాలు రాసిచ్చి ఈ రెండో రకంలో పడ్డారు. వాళ్ళని ఎవరూ యుద్ధంలో గెలవలేదని గుర్తుపెట్టుకోవాలి.

తర్వాత కాలంలో మిగతా దీవులకి కాంగ్రెస్ ఒక్కొక్కదానికి ఒక్కో చట్టంతో పౌరసత్వం ఇస్తూ వచ్చింది. ప్యూర్టోరికోకి 1917లో, డెన్మార్క్ దగ్గర 2.5 కోట్ల డాలర్లకి కొన్న వర్జిన్ దీవులకి 1927లో, గ్వామ్‌కి 1950లో, సైపాన్ ఉండే ఉత్తర మరియానా దీవులకి 1986లో. 1952 నాటి వలస, జాతీయత చట్టం తెరిస్తే 'యునైటెడ్ స్టేట్స్' అంటే ఏ ఏ ప్రాంతాలో చెప్పే ఒక నిర్వచనం ఉంటుంది. రాష్ట్రాలు, అలాస్కా, హవాయి, ప్యూర్టోరికో, గ్వామ్, వర్జిన్ దీవులు, తర్వాత చేర్చిన ఉత్తర మరియానా. సమోవా పేరు ఉండదు. దానికి వేరే సెక్షన్, అక్కడ పుట్టినవాళ్ళు జాతీయులే గానీ పౌరులు కారని. అంటే ఇవాళ సైపాన్‌లో పుట్టిన బిడ్డ పౌరుడు, పాగో పాగోలో పుట్టిన బిడ్డ కాదు. రెండూ పసిఫిక్‌లోనే, రెండు చోట్లా అదే జెండా, అదే డాలరు.

ఇక్కడ నేను ముఖ్యం అనుకునే సంగతి ఉంది, దీని గురించి మామూలుగా ఎవరూ మాట్లాడరు. డల్లాస్‌లో పుట్టినవాడి పౌరసత్వం రాజ్యాంగం మీద నిలబడి ఉంది. ప్యూర్టోరికోలో పుట్టినవాడి పౌరసత్వం ఒక చట్టం మీద నిలబడి ఉంది. చేతిలో పాస్‌పోర్ట్ ఒకటే కావచ్చు, కింద పునాది వేరు. చట్టంతో ఇచ్చినదాన్ని ఇక ముందు పుట్టేవాళ్ళకి చట్టంతోనే ఆపేయొచ్చా అన్న వాదనకి ప్యూర్టోరికోలో ఇంకా చోటుంది. ఇది మన తెలంగాణ వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. సర్కారు ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు నిజాం 1919లో ఫర్మానాతో పెట్టినవి. వాటిని అమలు చేయమనే 1952లో మన వరంగల్ విద్యార్థులు రోడ్డెక్కారు, ఆ ఆందోళన హైదరాబాద్ చేరి సిటీ కాలేజీ దగ్గర కాల్పుల దాకా పోయింది. ఇరవై ఏళ్ల తర్వాత, 1972 అక్టోబరులో, ఆ నిబంధనలు చెల్లుతాయని సుప్రీం కోర్టు కూడా చెప్పింది. చెప్పి ఏం లాభం, 1973లో పార్లమెంటు ఒక చట్టంతో వాటిని తీసేసింది. పార్లమెంటు మార్చేదాకా అమల్లో ఉంటాయి అన్న అధికరణం మీద నిలబడ్డ హక్కు అది, పార్లమెంటు మార్చింది, పోయింది.

ఫిలిప్పీన్స్ వాళ్ళకి ఇంకా ఘోరంగా జరిగింది. 1898 నుంచి వాళ్ళు కూడా సమోవా వాళ్ళలాగే జాతీయులు. హవాయి చెరకు తోటల్లో, కాలిఫోర్నియా పొలాల్లో వేలమంది పనిచేశారు. 1934లో స్వాతంత్ర్యానికి దారి వేసే చట్టం చేస్తూనే, వాళ్ళు ఇంకా అమెరికా జాతీయులుగా ఉండగానే, వలస విషయంలో మాత్రం విదేశీయుల కింద లెక్కేసి ఏడాదికి 50 మందే రావాలని కోటా పెట్టారు. 1946 జులై 4న స్వాతంత్ర్యం వచ్చిన రోజున అమెరికా జాతీయత పోయింది. మేం అమెరికా పాలనలో పుట్టాం కదా, పద్నాలుగో సవరణ ప్రకారం పౌరులం కాదా అని తర్వాత వాళ్ళు, వాళ్ళ పిల్లలు కోర్టుకెళ్తే, ఫిలిప్పీన్స్ ఆ సవరణ చెప్పిన అమెరికాలో ఎప్పుడూ లేదు పొమ్మన్నారు. దానికి ఆధారంగా చూపించింది మళ్లీ ఆ 1901 నారింజల కేసునే.

పౌరసత్వం వచ్చినచోట కూడా అన్నీ రాలేదు. ప్యూర్టోరికోలో 30 లక్షలకు పైగా పౌరులున్నారు, అధ్యక్ష ఎన్నికల్లో ఓటు లేదు, అదే మనిషి ఫ్లోరిడాకి ఇల్లు మారితే ఓటు వస్తుంది. న్యూయార్క్‌లో ఉన్నప్పుడు వికలాంగుల భత్యం తీసుకున్న ఒకాయన 2013లో ప్యూర్టోరికోకి మారితే, అక్కడ నీకు అర్హత లేదు, మారాక తీసుకున్న 28,081 డాలర్లు తిరిగి కట్టు అన్నారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు ఆ మినహాయింపు చెల్లుతుందనే చెప్పింది. ఆ తీర్పుతో ఏకీభవిస్తూనే జస్టిస్ గోర్సుచ్ విడిగా రాసుకొచ్చాడు, ఇన్సులర్ కేసులకి రాజ్యాంగంలో పునాదే లేదు, అవి జాతి గురించిన దురభిప్రాయాల మీద నిలబడ్డాయి, మన చట్టంలో వాటికి చోటుండకూడదు అని. అది చదివి ఇక కథ మారుతుందని చాలామంది ఆశపడ్డారు.

ఎందుకంటే అప్పుడే ఫిటిసెమాను కేసు సుప్రీం కోర్టు తలుపు దగ్గర ఉంది. యూటాలో ఇరవై ఏళ్లుగా ఉంటున్న సమోవా వాళ్ళు వేసిన కేసు. 2019 డిసెంబరులో అక్కడి జిల్లా జడ్జి వీళ్ళు పుట్టుకతో పౌరులే అని తీర్పిచ్చాడు. ఓటరుగా నమోదు చేసుకునే వ్యవధి కూడా సరిగా ఇవ్వకుండా మర్నాడే ఆ తీర్పు అమలు ఆగిపోయింది. 2021లో అప్పీలు కోర్టు ఇద్దరు, ఒకరుగా దాన్ని కొట్టేసింది. 2022 అక్టోబరు 17న సుప్రీం కోర్టు వినడానికే ఒప్పుకోలేదు. అంతకుముందు 2015లో వాషింగ్టన్ అప్పీలు కోర్టులో తువావువా కేసు కూడా ఇలాగే పోయింది.

ఇక్కడిదాకా చదివినవాళ్ళు ఇది తెల్లవాళ్ళ కోర్టు, నడి సముద్రంలో దీవుల వాళ్ళకి చేసిన అన్యాయం అని తేల్చేసుకుంటారు. కానీ రెండు కేసుల్లోనూ పౌరసత్వం వద్దు అని గట్టిగా వాదించినవాళ్ళలో అమెరికన్ సమోవా ప్రభుత్వమే ఉంది! వద్దు అంటే ఎప్పటికీ వద్దని కాదు, కోర్టు మా నెత్తిన రుద్దొద్దు, కావాలో వద్దో మేమే తేల్చుకుంటాం అని. దీని వెనక భయం భూమి. సమోవాలో భూమి ఎక్కువ భాగం ఉమ్మడి కుటుంబాలది, దాన్ని చూసుకునేది 'మాతయి' అనే కుటుంబ పెద్ద, రక్తసంబంధంలో కనీసం సగం సమోవా వాళ్ళు కాకపోతే ఆ భూమి కొనడానికి చట్టం ఒప్పుకోదు. పౌరసత్వం ఇచ్చే పద్నాలుగో సవరణలోనే అందరికీ సమాన రక్షణ అన్న మాట కూడా ఉంది. రేపు బయటి నుంచి ఎవడో వచ్చి జాతిని బట్టి భూమి అమ్మకం ఆపడం సమానత్వానికి విరుద్ధం అని కేసు వేస్తే? హవాయిలో స్థానికుల భూమి ఎవరెవరి చేతుల్లోకి పోయిందో వాళ్ళు పక్క నుంచే చూశారు.

ములుగు జిల్లాలో ఏటూరునాగారం, తాడ్వాయి వైపు తిరిగినవాళ్ళకి ఈ భయం ఏంటో తెలుసు. అక్కడ 1/70 చట్టం ఉంది, ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకి బదిలీ చేయడం కుదరదు. అన్ని సందులు మూసినా దొంగదారిన ఎంత భూమి చేతులు మారిందో ఆ ఊళ్లలో అడిగితే కోయ పెద్దలు చెప్తారు, ఆ చట్టమే లేకపోతే ఇంకేం మిగిలేది కాదని కూడా చెప్తారు. కానీ ఒక తేడా చూడండి. ఆ కోయ పెద్దాయన ఈ దేశపు పూర్తి పౌరుడు, ఓటు ఉంది, ఎమ్మెల్యేగా నిలబడొచ్చు, మంత్రి కావచ్చు. భూమికి రక్షణ ఉంది కాబట్టి నీకు పౌరసత్వం వద్దు అని ఆయనకి ఎవరూ చెప్పలేదు. మన రాజ్యాంగం ఐదో షెడ్యూలు రాసి రెండింటికీ చోటిచ్చింది. అమెరికా రాజ్యాంగంలో అలాంటి షెడ్యూలు లేదు.

ఉత్తర మరియానా దీవుల్లో మాత్రం పౌరసత్వమూ ఉంది, బయటివాళ్ళు భూమి కొనకుండా ఆంక్ష కూడా ఉంది, కాబట్టి రెండూ కుదురుతాయనే అనాలి. కుదిరాయి, కానీ 1990లో ఆ ఆంక్ష మీద కేసు పడితే అప్పీలు కోర్టు దాన్ని ఎలా నిలబెట్టిందో తెలుసా? ఇన్సులర్ కేసుల్ని చూపించే. విలీనం కాని ప్రాంతం కాబట్టి ఆ సమానత్వ సూత్రం ఇక్కడ పూర్తిగా వర్తించక్కర్లేదు అని. జాతి దురభిప్రాయంతో రాసిన తీర్పే ఇవాళ ఆ దీవుల వాళ్ళ భూమికి అడ్డుగోడ అయి కూర్చుంది. తీర్పుల్ని కొట్టేయమని అడిగేవాళ్ళూ దీవుల వాళ్ళే, వద్దని భయపడేవాళ్ళూ దీవుల వాళ్ళే. అందుకే ఈ చిక్కు తెగట్లేదు.

నా మట్టుకు నేను చెప్పేది ఇది. భూమి భయం నిజమైనది, దాన్ని ఎవరూ చిన్నచూపు చూడొద్దు. కానీ దానికి జవాబు యూటాలో ఇరవై ఏళ్లు పన్ను కట్టిన మనిషికి ఓటు లేకుండా చేయడం కాదు, అలాస్కాలో ఫారం నింపిన మనిషిని బోను ఎక్కించడం కాదు. భూమిని కాపాడే పని భూమి చట్టంతో చేయాలి, మనిషిని సగం మనిషిగా ఉంచి చేయకూడదు. కాంగ్రెస్‌లో సమోవా ప్రతినిధి, సభలో ఓటు హక్కు లేని ప్రతినిధి, పౌరసత్వం కావాలనుకున్న సమోవా వాళ్ళు దీవి దాటకుండానే దరఖాస్తు చేసుకునే వీలు కల్పించాలని బిల్లు పెట్టింది. కనీసం అదైనా జరగాలి.

ఇది ఒక్క అమెరికా జబ్బు అనుకోవద్దు. బ్రిటన్ 1983 జనవరి 1 నుంచి తన పౌరుల్ని మూడు తరగతులుగా విడగొట్టింది. హాంకాంగ్ నుంచి లక్షలమంది వచ్చి పడతారన్న భయంతో వేసిన గీత, 17వ శతాబ్దం నుంచి బ్రిటిష్ దీవి అయిన సెయింట్ హెలెనా మీద కూడా పడింది, వాళ్ళు లండన్‌లో ఉండాలంటే అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. 1982లో యుద్ధం జరిగిన ఫాక్లాండ్ వాళ్ళకి మాత్రం 1983లోనే పూర్తి పౌరసత్వం తిరిగి ఇచ్చారు. మిగతా దీవులు 2002 దాకా ఆగాల్సి వచ్చింది, అప్పటికి హాంకాంగ్ చైనాకి పోయి ఐదేళ్లయింది. ఫ్రాన్స్‌ది ఇంకో రకం. హిందూ మహాసముద్రంలో ఉన్న మయోట్ 2011 నుంచి ఫ్రాన్స్‌లో ఒక పూర్తి జిల్లా, అయినా అక్కడ విదేశీయులకి పుట్టిన పిల్లలకి ప్యారిస్‌లో లేని షరతు ఉంది. పుట్టేనాటికి తల్లిదండ్రుల్లో ఒకరైనా మూడు నెలలుగా చట్టబద్ధంగా ఉండాలని 2018లో పెట్టారు, 2025లో ఇద్దరూ ఏడాదిగా ఉండాలని బిగించారు.

తెలుగువాళ్ళలో కూడా ఈ అనుభవం ఉన్నవాళ్ళు ఉన్నారు, యానాం వాళ్ళు. కాకినాడ పక్కనే ఉన్న ఆ ఊరు 1954 దాకా ఫ్రెంచి వాళ్ళది. భారతదేశంతో ఫ్రాన్స్ చేసుకున్న అప్పగింత ఒప్పందం 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఆ ప్రాంతాల్లో పుట్టి అక్కడే ఉంటున్న ఫ్రెంచి జాతీయులు ఆ రోజు నుంచి భారత పౌరులు, ఫ్రెంచిగానే ఉంటామనుకుంటే ఆరు నెలల్లో రాతపూర్వకంగా చెప్పుకోవాలి. అక్కడే పుట్టి వేరే దేశంలో ఉంటున్నవాళ్ళకి దీనికి తిరగేసిన లెక్క, ఏం రాయకపోతే ఫ్రెంచివాళ్ళే. ఒకే తల్లి పిల్లలు, ఒకే ఊళ్లో పుట్టినవాళ్ళు, ఆ ఆగస్టు నాడు ఒకడు ఇంటి దగ్గరుండి, ఇంకొకడు ఫ్రెంచి సైన్యంలో ఎక్కడో ఉంటే రెండు దేశాల వాళ్ళయ్యారు. పుదుచ్చేరిలో ఇప్పటికీ ఫ్రెంచి ఎన్నికల్లో ఓటు వేసే కుటుంబాలు చాలావరకు ఆ ఆరు నెలల్లో కాగితం రాసినవాళ్ళవే, లేదా బయట ఉండి రాయనవసరం లేనివాళ్ళవే.

మరి మన దగ్గర? మన రాజ్యాంగం పౌరసత్వం వివరాలు పార్లమెంటుకి వదిలేసింది, పదకొండో అధికరణం అదే చెప్తుంది. అందుకే పుట్టుకతో వచ్చే పౌరసత్వం మన దేశంలో రెండుసార్లు కుదించుకుపోయింది, పెద్ద చర్చ లేకుండానే. వరంగల్ సీకేఎం ఆసుపత్రిలో 1986లో పుట్టిన బిడ్డ, తల్లిదండ్రులు ఏ దేశం వాళ్ళైనా, దాదాపు ఏ ప్రశ్నా లేకుండా భారత పౌరుడు. అదే ఆసుపత్రిలో 1987 జులై 1న గానీ ఆ తర్వాత గానీ పుడితే తల్లిదండ్రుల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3న గానీ ఆ తర్వాత గానీ పుడితే ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమంగా వచ్చినవాళ్ళు కాకుండా ఉండాలి. అమెరికాలో ట్రంప్ ఒక ఆర్డరుతో చేయబోయి కోర్టులో ఇరుక్కున్న పని లాంటిదే మన పార్లమెంటు మామూలు సవరణతో చేసేసింది. అమెరికా ఆర్డరు మీద కోపంగా మాట్లాడే మనవాళ్ళలో చాలామందికి ఈ తేదీలు తెలియవు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు మాత్రం తప్పక తెలుసుకోవాల్సింది ఒకటుంది. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి పోయి దుబాయ్‌లోనో షార్జాలోనో కాపురం పెట్టినవాళ్ళ పిల్లలకి అక్కడ పుట్టినందుకు ఆ దేశ పౌరసత్వం రాదు. భారత పౌరసత్వం తల్లిదండ్రుల నుంచి వస్తుంది, అయితే 2004 డిసెంబరు 3న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి అది దానంతట అది అమల్లోకి రాదు. పుట్టిన ఏడాదిలోపు అక్కడి భారత కాన్సులేట్‌లో నమోదు చేయించాలి, బిడ్డకి వేరే దేశం పాస్‌పోర్ట్ లేదని రాసివ్వాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి, ఆ తిరుగుడు వేరే. ఊరికి వచ్చాక చూసుకుందాంలే అనుకోకుండా, ఆసుపత్రి ఇచ్చిన జనన ధ్రువీకరణ పత్రం చేతికి రాగానే అక్కడే ఆ పని చేయించుకోండి.